అద్దాల తలుపు అవతలి రొట్టె

మస్కట్‌ శివారు అల్ హైల్‌లో మా సంఘ పెద్దాయన విల్లాకు వెళ్లినవాళ్లు ముందుగా మెచ్చుకునేది ఆ అద్దాల తలుపునే. హాలుకూ వంటింటికీ మధ్య గోడ కట్టకుండా నిలువెత్తు అద్దం పెట్టారు. పక్కకు నెడితే చప్పుడు లేకుండా జరుగుతుంది. ఏసీ చల్లదనం వంటింట్లోకి పోదు, వేపుడు వాసన హాలులోకి రాదు. నాకు మాత్రం ఆ తలుపు మీద పుట్టిన అసహ్యం ఇప్పటికీ పోలేదు. దాని గురించీ దాని అవతల నిలబడిన మనిషి గురించీ ప్రేమగా రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. చేతకాలేదు. అందుకని ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మాది మస్కట్‌లో చిన్న తెలుగు సహవాసం. ఇక్కడ సెలవు శుక్రవారం కనుక మాకు శుక్రవారమే ఆదివారం. పిల్లల క్లాసును మాత్రం ఇప్పటికీ సండే స్కూల్ అనే అంటాం. ఆరాధన పెద్దాయన హాలులో జరిగేది. ఆయన ఒక నిర్మాణ కంపెనీలో మేనేజరు, మా సంఘానికి పెద్ద. కుర్చీలు ఆయనవి, పాటల పుస్తకాలు ఆయనవి, ఆరాధన తర్వాతి టీ, గారెలు ఆయనవి. కాబట్టి మాట కూడా ఆయనదే.

మా ఆరాధనకు రాసిపెట్టుకున్న క్రమం ఉండదు. మగవాళ్లు ఒక పక్క, ముసుగు వేసుకున్న ఆడవాళ్లు ఇంకో పక్క, మధ్యలో ప్రభువు బల్ల, దాని మీద తెల్లగుడ్డ కప్పిన రొట్టె, ద్రాక్షరసం పాత్ర. అందరం మౌనంగా కూర్చుంటాం. ఆత్మ ప్రేరేపించిన సహోదరుడు లేచి ప్రార్థన చేస్తాడు, లేదా పాట ఎత్తుతాడు. సహోదరీలు లేవరు. నేను గోదావరి జిల్లాలో ఒక సువార్తికుడి కూతురిగా పుట్టి ఆ మౌనంలోనే పెరిగాను. అందులోని తీపి నాకు తెలుసు. చివర రొట్టె పళ్లెం చేతి నుంచి చేతికి వస్తుంది. ఎవరికి వాళ్లు చిన్న ముక్క విరుచుకుంటారు. రొట్టె ఒక్కటే కాబట్టి మనమంతా ఒకే శరీరం అని దాని అర్థం.

ఆ శరీరం అద్దం దాకా వచ్చి ఆగిపోయేది.

అద్దం అవతల కడప జిల్లా నుంచి ఇంటి పనికి వచ్చిన అక్క ఉండేది. యాభైకి దగ్గర పడిన మనిషి. వయసులో ఆమెకంటే చిన్నదైనా, పెద్దాయన భార్య ఆమెను "అమ్మాయ్" అని పిలిచేది. ఆ భార్యను మేమంతా అమ్మగారు అనేవాళ్లం. మాలో మేము సహోదరుడా, సహోదరీ అనకుండా ఉప్పు గిన్నె కూడా అడగం. అక్క మాత్రం ఎవరికీ సహోదరి కాదు. మేము పాడుతుంటే ఆమె గారెల పిండి కలుపుతూ ఇటే చూసేది. పెదవులు కదిలేవి. చరణాలు ఆమెకు మాకంటే బాగా వచ్చని ఆ పెదవులు చూస్తేనే తెలిసేది.

మగవాళ్ల వరసలో చివర, చెప్పులు విడిచే చోట, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక తమ్ముడు కూర్చునేవాడు. మస్కట్‌కు దూరంగా ఇబ్రా అనే ఊళ్లో సైట్ పని. శుక్రవారం డ్యూటీ లేకపోతే ఎవరి బండైనా పట్టుకుని వచ్చేవాడు. అతనికి కుర్చీ ఎవరూ చూపించేవాళ్లు కాదు, అతనూ అడిగేవాడు కాదు. కానీ అతనికి పళ్లెం అందేది. తేడా అక్కడుంది.

అమ్మగారికి ఒక నియమం ఉండేది. బల్ల రొట్టె చేసే చేతులు బాప్తిస్మం పొందినవై ఉండాలి, మన సహవాసంలో ఉన్నవై ఉండాలి, ఉపవాసంతో చేయాలి. స్త్రీల కూడికలో ఈ మాట తరచుగా చెప్పేది. శుక్రవారం తెల్లవారకముందే లేచి, గుక్కెడు నీళ్లయినా తాగకుండా, మనసులో స్తుతిస్తూ తానే ఆ రొట్టె చేస్తానని చెప్పేది. కొత్తగా పెళ్లయి వచ్చిన అమ్మాయిలు నోరు తెరుచుకుని వినేవాళ్లు. నేనూ నమ్మాను.

ఒక శుక్రవారం కుర్చీలు వేసే వంతు నా భర్తకు వచ్చింది. తెలతెలవారుతుండగా ఇద్దరం వెళ్లాం. ఆయన హాలు ఊడుస్తుంటే నేను మంచినీళ్ల కోసం అద్దం జరిపి వంటింట్లోకి వెళ్లాను. అక్క పిండి పిసుకుతోంది.

"అమ్మగారు ఏరండీ?" అన్నాను.

"పండుకోనుండారు."

"మరి ఈ పిండి?"

"బల్లకు."

"ఆవిడకి ఒంట్లో బాలేదా?"

అక్క పిండి ముద్దను తిప్పి మళ్లీ నొక్కింది. "ఆయమ్మకేం, బాగనే ఉండాది. నేనొచ్చినప్పట్నించీ ఇది నా పనే గదమ్మా. పిండి గోర్లల్లో ఇరుక్కుంటే ఆయమ్మకు గిట్టదు."

నేను అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుండిపోయాను. మీరు బాప్తిస్మం తీసుకున్నారా అక్కా అని అడిగాను.

"తీసుకోకుండా ఉంటానా? పెన్నేట్లో. ఆ యేడు ఏట్లో నీళ్లు లేవు. ఇసకలో చెలమ తీసినారు. ఊరినకాడికి ఊరిన్యాయి. మా పాస్టరయ్య దాంట్లోనే ముంచినాడు. లేసేతలికి తలంతా ఇసక." నవ్వింది. నవ్వుతూనే పెనం పొయ్యి మీద పెట్టింది. "నాకేం కావల్లనో తెల్సా? జీతం పెంచమని అడగను. కొత్త చీర అడగను. ఆ రొట్టె తునక ఒగటి కావల్ల. చేసేది నేను, అద్దంలోంచి సూసేది నేను. ఊరు ఇడిసినప్పట్నించీ బల్ల ముట్టలేదు. నోరు ఎండిపోయిందమ్మా."

రొట్టె ఎవరు చేస్తున్నారో తాను చెప్పినట్టు ఎవరికీ తెలియకూడదని మాట తీసుకుంది. ఇచ్చాను. ఆ వారం అమ్మగారు కళ్లు మూసుకుని ముక్క విరుచుకోవడం చూస్తుంటే నాకు ఒళ్లు మండింది.

మా సంఘంలో ఆడది పెద్దల దగ్గర విషయం ఎత్తదు. అందుకని తర్వాతి శుక్రవారం ఆరాధన అయ్యాక హాలులోనే నా భర్త ఎత్తాడు. రొట్టె సంగతి చెప్పలేదు. ఆ ఇంట్లో పనిచేసే సహోదరి బాప్తిస్మం పొందిన మనిషి, ఆమెను బల్లకు రానివ్వండి అని మాత్రమే అడిగాడు.

"వాళ్ల సంఘం నుంచి పరిచయ పత్రిక ఉందా బ్రదర్?" అన్నాడు పెద్దాయన.

నా భర్త అప్పటికప్పుడే అక్క ఇచ్చిన నంబరుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి ఆయన చేతికిచ్చాడు. అవతల వాళ్ల పాస్టరు గొంతు. చుట్టూ మేకల అరుపులు. "మా బిడ్డే సార్. ఈ చేతుల్తో నేనే ముంచినాను. మీరు ఎట్ల రాయమంటే అట్ల రాసి పంపిస్తా."

పెద్దాయన ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "వాళ్లది మన సహవాసం కాదు బ్రదర్. ఇసకలో గుంట తీసి ముంచితే బాప్తిస్మం అవుతుందా? క్రమం అంటూ ఒకటుంటుంది."

సోఫాలో కూర్చున్న అమ్మగారు అందుకుంది. "అయినా ఆవిడొచ్చి హాల్లో కూర్చుంటే గారెలు ఎవరేస్తారండీ? మీరేస్తారా?"

అందరూ నవ్వారు. అద్దం ఆ రోజు పూర్తిగా మూసి లేదు.

అదే హాలులో జరిగే స్త్రీల కూడికలో వారానికొకరం ఒక పాతకాలపు విశ్వాసి జీవితం చెప్పుకునేవాళ్లం. నా వంతు వచ్చినప్పుడు మా నాన్న చెప్పిన నేతగాడి కథ ఎంచుకున్నాను. నాన్న ఆ కథను చెరుకు తోటల ఊళ్లలో, బెల్లం వండే కాలంలో చెప్పేవాడు. ఆ నేతగాడి పేరు మాత్రం చెప్పేవాడు కాదు. పేరు గుర్తుంటే జనం మనిషిని మరిచిపోతారనేవాడు.

ఆ నేతగాడు రెండున్నర శతాబ్దాల కిందట అమెరికాలో ఉండేవాడు. క్వేకర్లు అనే విశ్వాసుల్లో ఒకడు. వాళ్లూ మాలాగే మౌనంగా కూర్చునేవాళ్లు. కానీ అక్కడ ఆడవాళ్లు కూడా లేచి మాట్లాడవచ్చు. రాజునైనా నౌకరునైనా ఒకే తీరున పిలిచేవాళ్లు. వాళ్లకు రొట్టె లేదు, పాత్ర లేదు. ఆ విషయంలో వాళ్లు పొరబడ్డారని నేను ఇప్పటికీ నమ్ముతాను. అదీ చెప్పాను. ఆ కాలంలో వాళ్లలో డబ్బున్నవాళ్ల ఇళ్లలో ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు ఉండేవాళ్లు. ఒకరోజు నేతగాడు అలాంటి తోటి విశ్వాసి ఇంట భోజనానికి కూర్చున్నాడు. ఇది ఎవరు వండారు అని అడిగాడు. బానిస అని తెలిసి చెంచా కింద పెట్టి లేచాడు. ఆకలితోనే ఇంటికి నడిచిపోయాడు. సంగతి విని అతని భార్య చక్కెర జాడీ తీసి పెరట్లో పారబోసింది, ఆ చక్కెర బానిసలు పండించింది కాబట్టి. నీలిమందు అద్దిన బట్టలన్నీ పక్కన పెట్టేసింది, ఆ నీలి కూడా వాళ్ల చెమటే కాబట్టి. వాళ్లకు ఒక్కతే కూతురు. తన నీలం పావడా పోయిందని ఆ పిల్ల ఏడ్చింది. ఆ ఇంట్లో అన్నిటికంటే కష్టమైంది ఆ పావడాయేనని నాన్న అనేవాడు.

అతను ఊరుకోక ఈ మాట సంఘంలోనూ ఎత్తాడు. సంఘం అతన్ని వెలివేసింది. తప్పు చెప్పాడని కాదు, శాంతి చెడగొట్టాడని. అతను వారం వారం వచ్చి గుమ్మం బయట మెట్ల మీద కూర్చునేవాడు. లోపల భార్య లేచి, మీ అన్నం ఎవరు వండారు అని అడిగి కూర్చునేది. ఆ ఒక్క ప్రశ్నే, ఎన్నో ఏళ్లు. చివరికి బానిసను ఉంచుకున్నవాడు తమలో ఉండకూడదని ఆ సంఘం తీర్మానించేనాటికి మొగుడూ పెళ్లాం ఇద్దరూ మట్టిలో కలిసిపోయారు. ఆ రోజు లోపల కూర్చుని విన్నది కూతురు.

నేను ఆపాక అమ్మగారు తీరిగ్గా టీ తాగింది. "బాగుందమ్మా. కానీ అది బానిసల కాలం. ఇప్పుడెవరున్నారు బానిసలు? మా అమ్మాయికి ఫోనుంది, గదుంది, గదిలో ఏసీ ఉంది. క్రిస్మస్‌కి చీర కూడా పెట్టాను."

"కూర్చునే చోటుందా అండీ?" అన్నాను.

"ఏంటి?"

"శుక్రవారం కూర్చునే చోటు."

"నువ్వు కథ చెప్పడానికొచ్చావా, మా ఇంటి పెత్తనానికొచ్చావా?"

అక్క బానిస అని నేను అనలేదు, ఇప్పుడూ అనను. జీతం అందేది, తిండి ఉండేది. కానీ "బానిస కాదు కదా" అనే మాటను తలగడలా పెట్టుకుని హాయిగా నిద్రపోయేవాళ్లంటే నాకు పరమ రోత. బైబిల్లో, పారిపోయిన దాసుణ్ణి అపొస్తలుడు యజమాని దగ్గరికి తిప్పి పంపుతూ, ఇకమీదట ఇతన్ని సహోదరుడిగా చేర్చుకో అని రాశాడు. మా పెద్దాయన ఆ భాగం మీద చాలా చక్కగా ప్రసంగించేవాడు. ఆ ప్రసంగం జరుగుతున్నప్పుడు కూడా గారెలు వేగుతూనే ఉండేవి.

కప్పులు లోపల పెట్టడానికి వెళితే అక్క నా కోసమే చూస్తోంది. కథంతా విన్నట్టుంది.

"ఆ యప్ప పెండ్లాం చక్కెర పారబోసిందంటివే, మల్ల టీలోకి ఏం ఏసుకునిందో?"

"ఏమో అక్కా, తేనె అయ్యుంటుంది."

"కూతురు ఏడ్సిందంటివే. ఏడ్సదా మరి, నీలం పావడా." కాసేపు కప్పులు కడిగింది. "పోనీలే, కూతురన్నా సూసింది." తర్వాత కుళాయి కట్టేసి, గొంతు తగ్గించి అంది. "ఈ శుక్రవారం నువ్వు అద్దం కాడ కూసోమ్మా."

"పని పోతే?"

"పోతే పోనీ. రొట్టెలు చేసుకునే చేతులు యాడికీ పోవు గదా."

ఆ శుక్రవారం అద్దం పక్క కుర్చీలో కూర్చున్నాను. మౌనం ఎప్పటిలాగే మొదలైంది. పళ్లెం మగవాళ్ల వరసలన్నీ తిరిగి ఇటు వచ్చింది. అమ్మగారు విరుచుకుంది. చేతులు మారి మారి నా దగ్గరికి చేరింది. మా అలవాటు ప్రకారం ఆఖరి సహోదరి ముక్క తీసుకుని పళ్లాన్ని తిరిగి బల్ల మీద పెట్టాలి. నేను విరుచుకోలేదు. లేచి, ఎడమ చేత్తో తలుపు జరిపాను. గారెల నూనె వాసన ఒక్కసారిగా హాలులోకి దూకింది. నేను నోరు విప్పలేదు. సంఘంలో స్త్రీ మౌనంగా ఉండాలని నాకు నేర్పారు. అలాగే ఉన్నాను.

అక్క స్టవ్ కట్టేసింది. చేతులు కడుక్కుంది. కొంగు తల మీదికి లాక్కుంది.

"ఏం చేస్తున్నారు సహోదరీ?" పెద్దాయన లేచి నిలబడ్డాడు. "పళ్లెం బల్ల మీద పెట్టండి."

నేను కదల్లేదు. అక్క చెయ్యి చాచింది.

"ముట్టుకోకు," అన్నాడు పెద్దాయన. "సహవాసంలో లేని చెయ్యి పడితే ఆ రొట్టె బల్లకు పనికిరాదు."

అక్క ఆయన వైపు చూడలేదు. రొట్టెనే చూస్తూ మామూలు గొంతుతో అంది. "పొద్దున పిసికింది ఈ చేతుల్తోనే సార్. పోయిన వారం గూడా. పోయినేడు గూడా."

అమ్మగారి వైపు చూడకూడదనుకుంటూనే అందరూ చూశారు. ఆవిడ ముసుగు సర్దుకుంది. "ఆ రోజు నాకు ఒంట్లో బాగాలేక..." అంది. ఏ రోజో చెప్పలేదు. పెద్దాయన భార్యను అవునా కాదా అని అడగలేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది కదా. ఇసకలో ముంచిన చేతులు సహవాసంలో లేనివైతే ఆ హాలులో ఎవరూ ఇన్నాళ్లూ సరైన రొట్టె తినలేదు. ఉన్నవైతే ఆ అద్దానికి అర్థం లేదు. ఆయన పెట్టిన క్రమమే ఆయనకు అడ్డంగా పడింది.

అప్పుడు చెప్పుల దగ్గర నుంచి తమ్ముడి గొంతు వినిపించింది. "మా క్యాంపుల వంటోడే ముందుగాల తింటడు సార్. ఆనికి పెట్టకుంటే మల్ల పప్పుల ఉప్పు ఎక్కువైతది."

ఎవరో ఫక్కున నవ్వి, నవ్వును దగ్గుగా మార్చుకున్నారు. తమ్ముడు వెంటనే పాట ఎత్తాడు. పాట ఎత్తడం ఏ సహోదరుడికైనా ఉన్న హక్కు, దాన్ని ఎవరూ ఆపలేరు. ఆ పాట మధ్యలో అక్క విరిచింది. చాలా చిన్న తునక. నమలకుండా నోట్లో ఉంచుకుని కళ్లు మూసుకుంది. తెరిచాక పళ్లెం నా వైపు తిప్పింది.

"నువ్వు తీసుకోలేదు గదా," అంది.

తీసుకున్నాను.

ఆ సాయంత్రం పెద్దాయన నా భర్తకు ఫోన్ చేశాడు. తన భార్య అబద్ధం గురించి ఒక్క మాట లేదు. నేను సంఘ శాంతిని చెడగొట్టానట. నేను పశ్చాత్తాపపడేదాకా మేమిద్దరం బల్లకు దూరంగా ఉండాలట. ఆ మాటలు వింటుంటే నాకు నేతగాడి మెట్లు గుర్తొచ్చాయి. ఏడుపు రాలేదు, కోపమే వచ్చింది. ఆ కోపం ఇంకా ఉంది.

రొట్టె సమస్యను కూడా వాళ్లు పరిష్కరించుకున్నారు. అప్పటి నుంచి బల్ల రొట్టె వీధి చివరి బేకరీ నుంచి వస్తోంది. ఆ బేకరీలో పిండి కలిపేవాళ్లు మంచివాళ్లే, వాళ్ల నమాజు వాళ్లు చేసుకుంటారు. బాప్తిస్మం, ఉపవాసం, పరిచయ పత్రిక అని వాళ్లనెవరూ అడగలేదు. ఎవరి చేతులైనా ఫరవాలేదు, ఆమెవి కాకపోతే చాలు. గారెలు హోటల్ నుంచి తెప్పిస్తున్నారు.

అక్కను పంపించెయ్యలేదు. అది కనికరం కాదు. కొత్త మనిషికి వీసా పెట్టి, వంట నేర్పి, ఇల్లు అప్పగించడం అంటే అమ్మగారికి బద్ధకం. అయితే ఆరాధనకు వచ్చినవాళ్ల కళ్లకు ఆమె కనిపించడం ఇప్పుడు ఇబ్బంది. అందుకని శుక్రవారం పొద్దున్నే "మధ్యాహ్నం దాకా ఎక్కడికైనా పోయిరా" అని గేటు బయటకు పంపేస్తున్నారు. అడిగితే దొరకని శుక్రవారం చీదరింపుగా దొరికింది.

ఆమె మా ఇంటికి వస్తుంది. మాది కార్ల వర్క్‌షాపు పైన రెండు గదుల ఇల్లు. మొదటి శుక్రవారం వచ్చి వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. నా భర్త కుర్చీ చూపించాడు. "అలవాటు తప్పల్ల గదా అన్నా, ఉండు" అని కాసేపు నిలబడే ఉండి, తర్వాత వచ్చి కూర్చుంది. డ్యూటీ లేని వారం తమ్ముడూ వస్తాడు. అతనికి మా ఇంట్లో ఫ్యాను కింది కుర్చీ. రొట్టె అక్కే చేస్తుంది, మా అందరి కళ్ల ముందు. మౌనంగా కూర్చుంటాం. ఆ మౌనంలో నేనూ ప్రార్థన చేస్తాను, బయటికి, గొంతెత్తి. మొదటిసారి నా భర్త ఉలిక్కిపడ్డాడు. ఇప్పుడు ఆమెన్ అంటున్నాడు.

పోయిన శుక్రవారం బల్ల అయ్యాక మిగిలిన పిండితో అక్క ఇంకో రొట్టె కాల్చింది. ఆరాక సిల్వర్ కాగితంలో చుట్టి సంచిలో పెట్టుకుంది.

"ఎవరికి?" అన్నాను.

"ఆయమ్మకు."

"ఎందుకు?"

"అంగడి రొట్టె తింటాండారు గదా, పాపం." తమ్ముడు పడీ పడీ నవ్వాడు. ఆమె నవ్వలేదు. నిజంగానే అంది.

వద్దనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆపలేదు. సంచి అందించను కూడా లేదు. ఆమే తీసుకుని, చెప్పులు తొడుక్కుని, ఎండలోకి దిగి వెళ్లింది.